మా పాప సీమపందిని పెంచి పోటీకి తీసుకెళ్తానంటోంది, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: అన్నయ్యా, మాది గుంటూరు శివారు, నల్లపాడు వైపు. మా మామగారి కాలం నుంచి పందులే మాకు ఆధారం. ఇప్పుడు ఇంటి వెనక షెడ్డులో 18 ఉన్నాయి, అన్నీ నాటువి, సంకరం కలిసినవే. మా పాప తొమ్మిదో తరగతి. అమెరికా పిల్లలు పందుల్ని రింగులో నడిపించి బహుమతులు తీసుకునే వీడియోలు ఫోన్లో చూసి, తనకూ ఒక అసలు జాతి యార్క్‌షైర్ పందిపిల్ల, అదే ఇంగ్లండు తెల్ల సీమపంది, కావాలని, సంక్రాంతి రోజుల్లో పెట్టే పశువుల ప్రదర్శనకు తీసుకెళ్తానని పట్టుబట్టి కూర్చుంది. నాకేమో ఈ పని మాతోనే ఆగిపోవాలని, అది చదువుకుని బయటపడాలని ఉంది. స్కూల్లో ఇప్పటికే ‘పందులోళ్ల పిల్ల’ అంటున్నారట. మా ఆయన మాత్రం కొనిద్దామంటున్నాడు. ఏం చేయమంటారు? కొంటే అసలు జాతిదో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: చెల్లెమ్మా, కొనివ్వండి. ఒకటి కాదు, రెండు కొనండి, రెండూ ఆడవే తీసుకోండి. పంది ఒంటరిగా ఉంటే బెంగపడుతుంది, పక్కదానితో పోటీపడి తింటేనే ఒళ్లు చేస్తుంది. పైగా రెండు కళ్లముందు ఉంటే పాపకు పోల్చి చూడటం అలవాటవుతుంది, ఇది వెనక కాలు ఎందుకు ఈడుస్తోంది, దానికి నడుం ఎందుకంత నిండుగా వచ్చింది అని. ఆ చూపు రావడం నా దృష్టిలో బహుమతి కంటే పెద్ద సంగతి.

మనవైపు ఒంగోలు గిత్తను చూసి చెప్పలేని రైతు ఉంటాడా? మూపురం, గంగడోలు, కాలి కట్టు, నడక, పదేళ్ల పిల్లాడు కూడా నాలుగు మాటలు చెప్తాడు. గుంటూరు పక్కనే లాం ఫారంలో ఆ జాతి కోసం పరిశోధన కేంద్రమే ఉంది. పందిని మాత్రం ఎవరూ అలా చూడరు, తూకం వేస్తే ఎన్ని కిలోలు, కిలోకి ఎంత, అంతే. మీ పాప చూసిన వీడియోల్లో ఆ పిల్లలు చేసేది మనం గిత్తల దగ్గర చేసేదే. మీ ఇంట్లో మూడు తరాల అనుభవం ఉంది, ఆ చూపు మీ పాపకు వచ్చినంత తొందరగా ఇంకెవరికీ రాదు.

ముందు స్కూలు సంగతి. ఆ మాట నేను పడ్డాను, మా పిల్లలూ పడ్డారు, అందుకే ఇది మొదట రాస్తున్నాను. మీరు పందిపిల్లను కొనకపోయినంత మాత్రాన ఆ మాట ఆగదు, ఎందుకంటే వాళ్లు వేలు పెట్టి చూపిస్తున్నది మీ ఇంటిని. ఈ వారమే వెళ్లి క్లాస్ టీచర్‌తో మాట్లాడండి, మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి, ఆడవాళ్ల చాడీలే అని తీసిపారేయకుండా ఉంటారు. సైన్సు టీచర్ మంచివాడైతే పందిపిల్లలు వచ్చాక పాప చేత క్లాసులో ఒక పావుగంట మాట్లాడించమని అడగండి. పంది మురికిదని అందరూ అంటారు కదా, కాస్త చోటున్న గదిలో కట్టుదిట్టంగా పెంచిన పంది పేడ వేయడానికి ఒక మూల ఎంచుకుంటుంది, పడుకునే చోట వేయదు. దానికి చెమట సరిగా పట్టదు కాబట్టి ఎండకు బురదలో పొర్లుతుంది, చల్లటి నీళ్లు చల్లితే బురద అక్కర్లేదు. బద్దెపురుగు గొడవ కూడా రోడ్ల మీద తిరుగుతూ మనుషుల మలం తినే పందులతో వచ్చేదే, షెడ్డులో దాణా తిని పెరిగేదానితో ఆ భయం దాదాపు ఉండదు. ఇవన్నీ పాప నోటితో చెప్తే ఆ పిల్లలకు వేరేగా వినిపిస్తుంది.

ఇప్పుడు ఆడవే ఎందుకు తీసుకోమన్నానో చెప్తాను. అమెరికాలో ఊరూరా 4-హెచ్ అని పిల్లల సంఘాలుంటాయి, హైస్కూలు పిల్లలకు 1928లో మొదలైన ఎఫ్ఎఫ్ఏ అనే వ్యవసాయ విద్యార్థుల సంఘం ఉంది. ఆ పోటీల్లో ఎక్కువ మంది పిల్లలు తెచ్చేవి మాంసం కోసం పెంచిన పందులు, విత్తులు తీసేసిన మగవి చాలా ఉంటాయి, సుమారు 110 నుంచి 125 కిలోల దాకా పెంచుతారు. పోటీ అయ్యాక చాలా చోట్ల వేలం, ఆ తర్వాత కబేళా. మిన్నెసోటాలో ఆస్టిన్ అనే ఊళ్లో అలాంటి మగపందుల పేరుతోనే 1946లో ఒక జాతీయ ప్రదర్శన మొదలైంది. అక్కడ ఈ సంగతి మొదటి రోజే పిల్లలకు చెప్పి పెంచిస్తారు, అయినా ఆఖరి రోజు ఏడ్చే పిల్లలు ఏడుస్తారు. వీడియోలో రిబ్బను వరకే చూపిస్తారు.

మా వాడి సంగతి చెప్తాను. వాడికప్పుడు పన్నెండేళ్లు. ఒక ఈతలో చివరిగా పుట్టిన బక్కపిల్లను సీసాతో పాలు పట్టి బతికించుకున్నాడు. ఎనిమిదో నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామున వ్యాపారి బండి వచ్చింది, చూస్తే ఏడుస్తాడని వాడు లేచేలోపే ఎక్కించి పంపేశాను. వాడు లేచి రోజూలాగే కుడితి బకెట్టు పట్టుకుని షెడ్డులోకి వెళ్లాడు. తొట్టి దగ్గర బకెట్టు దించి ఖాళీ గదిలోకి చూస్తూ నిలబడ్డాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ కుడితి పక్క గదిలో వాటికి పోసి, బకెట్టు కడిగి బోర్లించి లోపలికి వచ్చాడు. తర్వాత రెండేళ్లు షెడ్డు గడప తొక్కలేదు. అమ్మడం తప్పు కాదు చెల్లెమ్మా, మనకు అన్నం పెట్టేది అదే, వాడికి చెప్పకుండా అమ్మడం తప్పు. కాబట్టి మీ పాపతో కొనే రోజే మాట్లాడండి. ఆడ పందిపిల్ల అయితే ప్రదర్శన అయ్యాక కూడా ఇంట్లోనే ఉంటుంది, ఈతకు వస్తుంది, దాని పిల్లల్లో కొన్నిటిని అమ్మాల్సి వస్తుందని కూడా ఇప్పుడే చెప్పండి, తొమ్మిదో తరగతి పిల్లకు అర్థమవుతుంది.

ఇక జాతి గుర్తుపట్టడం. తెల్లగా ఉంటే యార్క్‌షైర్ అనుకుని చాలామంది మోసపోతున్నారు. నాటుపందికి సీమ మగపందిని కట్టిస్తే మొదటి ఈతలో చాలా పిల్లలు తెల్లగానే పుడతాయి, ఆ తెలుపు నలుపును కప్పేస్తుంది. వాటినే జాతివని రేటు పెంచి అమ్మేస్తారు. ఆ తెల్లవాటిని మళ్లీ వాటిలో వాటికే కట్టించినప్పుడు నల్లవి, మచ్చలవి బయటపడతాయి, అప్పుడు అమ్మినవాడు ఫోను ఎత్తడు. లార్జ్ వైట్ యార్క్‌షైర్ పుట్టిల్లు ఇంగ్లండు, చెవులు నిటారుగా నిలబడతాయి, ముఖం కొంచెం లోపలికి నొక్కినట్టుంటుంది, ఒళ్లు పొడవు. లాండ్రేస్ డెన్మార్కుది, అదీ తెలుపే, కానీ చెవులు కళ్ల మీదికి వాలి ఉంటాయి. తెల్లగా ఉండి చెవులు అటూ ఇటూ కాకుండా సగానికి ఒంగి ఉంటే రెండూ కలిసిందేమో అని అనుమానించండి. డ్యూరాక్ ఎరుపు, హాంప్‌షైర్ నలుపు మీద భుజాల చుట్టూ తెల్ల పట్టీ, ఇవి మనవైపు మీకు ఎక్కువగా దొరకవు. ఈ కలిపిన జాతుల్ని నేను తక్కువ చేయడం లేదు, కూర కోసం పెంచేవాళ్లకు అవే లాభం, తొందరగా పెరుగుతాయి, గట్టిగా ఉంటాయి. మీ పాప అడుగుతున్నది జాతిది కాబట్టి చెప్తున్నాను.

రంగు కంటే, చెవుల కంటే కాగితం ముఖ్యం. తల్లి నంబరు, తండ్రి నంబరు, పుట్టిన తేదీ, ఆ ఈతలో ఎన్ని పుట్టాయి, ఎన్ని బతికాయి, ఈ నాలుగూ రాసి ఇవ్వలేనివాడి దగ్గర కొనవద్దు. మంచి ఫారాల్లో పిల్ల చెవులకు చిన్న గాట్లు పెడతారు. అమెరికా పద్ధతిలో అయితే పంది కుడి చెవి మీది గాట్లు ఏ ఈతో చెప్తాయి, ఎడమ చెవివి ఆ ఈతలో ఎన్నో పిల్లో చెప్తాయి. చోటును బట్టి ఒక్కో గాటుకు 1, 3, 9, 27, 81 అని విలువ, కూడితే నంబరు వస్తుంది. మీరు కొనే చోట ఏ పద్ధతో అడిగి పాప చేతే చదివించండి, లెక్కల మీద ఇష్టం లేని పిల్లలు కూడా దీన్ని వదలరు. మీ రెండు పిల్లలకూ తండ్రి ఒకటే అయినా ఫరవాలేదు, కానీ రేపు వాటికి కట్టించే మగపంది మాత్రం వేరే రక్తం కావాలి. మనవాళ్లు ఒకే మగదాన్ని ఏళ్ల తరబడి దాని కూతుళ్లకు కూడా వాడుతూ, ఈతకు పిల్లలు తగ్గిపోతున్నాయని దాణాను తిడతారు.

గన్నవరం వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే, తిరుపతి వెటర్నరీ విశ్వవిద్యాలయంలో పందుల మీద పరిశోధన జరుగుతుంది. పిల్లలు అమ్మకానికి ఉన్నాయా అని ముందు ఫోన్ చేయండి, లేకపోతే రికార్డు రాసే ఫారం ఎక్కడుందని అడగండి. ఒకప్పుడు గన్నవరంలో ప్రభుత్వ బేకన్ ఫ్యాక్టరీయే ఉండేది, సీమపందులు మన జిల్లాలకు నిన్నామొన్న వచ్చినవి కావు.

ఫారానికి వెళ్లినప్పుడు పాపను తీసుకెళ్లండి, ఎంచుకోవడం తననే చేయనివ్వండి. పిల్లను ఎత్తి వెల్లకిలా పట్టుకుని పొట్ట మీద వేలితో ఒక్కొక్క చనుమొనా తాకుతూ లెక్కపెట్టమనండి, 12కి తగ్గితే వదిలేయండి, 14 ఉంటే మంచిది, రెండు వరసలూ సమంగా ఉండాలి. లోపలికి గుంటపడ్డ చనుమొన పనికిరాదు, పాలు రావు, ఆ చోటు పట్టుకున్న పిల్ల ఎండిపోతుంది. బొడ్డు దగ్గర మెత్తటి సంచిలా వేలాడుతుంటే అది బొడ్డువాపు, వద్దు. తర్వాత సిమెంటు నేల మీద వదిలి పది అడుగులు నడవనివ్వాలి, వెనక నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూడాలి. కాలి గిట్టల పైభాగం మరీ నిటారుగా కర్రల్లా ఉంటే బరువు పెరిగాక కుంటుతుంది, కొంచెం వాలుగా, స్ప్రింగులా ఉండాలి. అందరూ పెద్దదాన్నే తీసుకుంటారు, నేనైతే నడక బాగున్నదాన్ని తీసుకుంటాను. చివరగా తల్లిని చూపించమనండి, చూపించకపోతే తిరిగి వచ్చేయండి.

మేపడం మీకు నేను నేర్పేదేమీ లేదు, ఒకట్రెండు మాటలే. పాలు మరిచిన 15 కిలోల పిల్ల 100 కిలోలు కావడానికి, కిలో బరువుకు సుమారు మూడు కిలోల దాణా లెక్కన, 250 కిలోల పైమాటే అవుతుంది. రెండింటికి 500. మొక్కజొన్న, తవుడు, సోయా చెక్క మీ దగ్గరి రేట్లతో గుణించుకుని, డబ్బు ఉందా లేదా ముందే చూసుకోండి, మధ్యలో హోటల్ కుడితికి దిగొద్దు. మన గుంటూరు హోటళ్ల మిగులులో పచ్చళ్లు, ఉప్పు ఎంతుంటాయో మీకు తెలియంది కాదు, నీళ్లు తక్కువైన రోజున ఆ ఉప్పే విషమవుతుంది, పంది తల గోడకు ఆనించి, పిచ్చిపట్టినట్టు తిరిగి పడిపోతుంది. అందులో పంది మాంసం ముక్కలుంటే ఇంకా ప్రమాదం. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మన దేశంలో 2020లో బయటపడింది, మనుషులకు రాదు కానీ పందికి వస్తే మందు లేదు, వేయించడానికి మన దగ్గర టీకా లేదు, మాంసంలో ఆ వైరస్ నెలల తరబడి బతుకుతుంది. మీ మిగతా 18కి కుడితి పెడుతున్నారేమో, అరగంట కుతకుత ఉడికించకుండా ఒక్క బకెట్టు కూడా పోయొద్దు. మామూలు స్వైన్ ఫీవర్‌కు మాత్రం టీకా ఉంది, పశువైద్యుణ్ని అడిగి అన్నిటికీ వేయించండి.

ఇంకొకటి, ఇది పందుల గురించి కాదు, పాప గురించి. మెదడువాపు వ్యాధి వైరస్ పందుల ఒంట్లో పెరుగుతుంది, వరిపొలాల నీళ్లలో పుట్టే దోమలు దాన్ని మనుషులకు చేరుస్తాయి. పాపకు చిన్నప్పుడు ఈ మెదడువాపు టీకా, జేఈ టీకా అంటారు, పడిందో లేదో కార్డు చూడండి, పడకపోతే ప్రభుత్వ ఆస్పత్రిలో అడగండి. సందె వేళ షెడ్డు పనులు పాపకు పెట్టొద్దు, పొద్దున పనే ఇవ్వండి, పడుకునే చోట దోమతెర ఉండాలి. ఇందులో బద్ధకం పనికిరాదు.

నడిపించడం నేర్పేటప్పుడు గిత్తకు కట్టినట్టు తాడు కట్టొద్దు, పంది తాడుకు లొంగదు, ఎదురు లాగుతుంది. 40 కిలోలు వచ్చాక రోజూ పొద్దున్నే, ఎండ రాకముందు, పావుగంట చాలు. చేతిలో సన్నటి బెత్తం, కొట్టడానికి కాదు, తాకడానికి. ఎడమ దవడ మీద తాకితే కుడికి తిరుగుతుంది, కుడి దవడ మీద తాకితే ఎడమకు. నడుం మీద, తొడల మీద దెబ్బ పడకూడదు, కమిలిపోతుంది, జడ్జీకి అదే మొదట కనిపిస్తుంది. మొదటి వారం అది పాప మాట వినదు, మట్టి కుళ్లగిస్తూ పోతుంది, పాప వెనక పరుగెత్తుతుంది, మీ ఆయనకు చెప్పండి, ఆ వారం చెయ్యి పెట్టొద్దని. కడుపు గీకితే పక్కకు వాలి పడుకునేంత చనువు వచ్చాక పని సులువు. అమెరికా పోటీల్లో పందికి వేరే మార్కులు, నడిపించే పిల్లకు వేరే మార్కులు. పిల్ల జడ్జీకి, పందికి మధ్యలో నిలబడకూడదు, పంది ఎప్పుడూ జడ్జీ కళ్లముందు ఉండాలి, తల ఎత్తి నడవాలి, పిల్ల కన్ను జడ్జీని వదలకూడదు. ఇది మన షెడ్డు ముందు కూడా నేర్పొచ్చు, జడ్జీగా మీరు నిలబడండి.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. సంక్రాంతి ప్రదర్శనలు ఎక్కువగా గిత్తలకు, ఆవులకు, గేదెలకు పెట్టేవి, పందులకు విడిగా రింగు ఉంటుందన్న ఆశతో పాపను కూర్చోబెట్టొద్దు. ఇప్పుడే మండల పశువైద్యాధికారిని కలిసి రాబోయే ప్రదర్శనలో పందుల విభాగం ఉందా, లేకపోతే పెట్టే వీలుందా అని అడగండి, పాపే ఒక అర్జీ రాసి ఇస్తే ఇంకా మంచిది. ఉంటే తీసుకెళ్లండి, తెల్లవారేలోపు బండెక్కించి, పైన టార్పాలిన్ కట్టి, నేల మీద తడిపిన గడ్డి పరిచి, నీళ్లు మీ ఇంటివే పట్టుకెళ్లి. తిరిగొచ్చాక రెండింటినీ 30 రోజులు మిగతా 18కి దూరంగా, వేరే గదిలో, వేరే బకెట్టుతో ఉంచాలి, పాప వాటి పని చేశాక చెప్పులు మార్చి కాళ్లు కడుక్కునే పెద్ద షెడ్డులోకి రావాలి. అంత చోటు మీ దగ్గర లేకపోతే తీసుకెళ్లొద్దు, నేను ఖచ్చితంగా చెప్తున్నాను, ఒక్క రోజు రింగు కోసం మీ జీవనాధారం మొత్తాన్ని పణంగా పెట్టొద్దు. అప్పుడు గన్నవరం కాలేజీ వాళ్లనో, మీ పశువైద్యుణ్నో మీ ఇంటికే పిలిచి చూపించండి, తప్పొప్పులు చెప్పించుకోండి, పాప దాన్ని ఫోన్లో తీసుకుంటుంది.

చదువు మాట. మీరు పాపను పందుల నుంచి బయటపడేయాలని అంటున్నారు, తనేమో వాటిని ఇంకా బాగా తెలుసుకోవాలని అంటోంది. ఈ రెండూ కలిసే దారి ఉంది. పదో తరగతి తర్వాత పశుసంవర్ధక పాలిటెక్నిక్ రెండేళ్లు, లేదా ఇంటర్ బైపీసీ చేసి ఐదున్నరేళ్ల బీవీఎస్సీ, అంటే పశువైద్య డిగ్రీ. పాప పశువైద్యురాలైతే ‘పందులోళ్ల పిల్ల’ అన్నవాళ్ల గేదెకు జబ్బు చేసినా తనే రావాలి. అవుతుందో లేదో నాకు తెలీదు, కానీ నోటుపుస్తకం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టించండి. తేదీ, ఎంత దాణా వేసింది, ఎంత మిగిల్చింది, బరువు. తూకం లేకపోయినా దర్జీ టేపు చాలు, ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టు అంగుళాల్లో, రెండు చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా పొడవు అంగుళాల్లో, చుట్టును చుట్టుతో హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 400తో భాగిస్తే బరువు పౌండ్లలో వస్తుంది, దాన్ని 2.2తో భాగిస్తే కిలోలు. చుట్టు 40, పొడవు 42 అయితే 168 పౌండ్లు, అంటే 76 కిలోలు. కొంచెం అటూ ఇటూ ఉన్నా వారం వారం ఎంత పెరిగిందో తెలిసిపోతుంది.

జూలైలో పుట్టిన పిల్లల్ని సెప్టెంబరులో తెచ్చుకుంటే సంక్రాంతికి ఆరు నెలలు దాటుతుంది. మార్చిలో, ఎనిమిది నెలలు నిండి బరువు 100 కిలోలు దాటాక, రెండో మూడో ఎదలో కట్టిస్తే 114 రోజులకు, అంటే మళ్లీ జూలైకి ఈనుతుంది. మొదటి ఎదకే తొందరపడి కట్టించొద్దు, పిల్లలు తక్కువ పుడతాయి. ఆ కడుపుతో ఉన్నన్నాళ్లూ మన ఏప్రిల్, మే ఎండలుంటాయి, తెల్లవి కాబట్టి చర్మం కూడా కాలిపోతుంది, షెడ్డు కప్పు మీద ఇప్పటి నుంచే తాటాకు వేయించుకోండి. ఈత అయ్యేసరికి పాప పదో తరగతిలో ఉంటుంది. ఈనే రాత్రి తను మేలుకుంటానంటే మేలుకోనివ్వండి, సెలవు పెట్టించండి, అది తన హక్కు. ఆ తర్వాత ఈతల బాధ్యత మాత్రం పరీక్షలు అయ్యేదాకా మీ ఆయన తీసుకోవాలి, ఈ మాట ఆయన చేత పాప ముందే అనిపించండి.

కొనేలోపు ఒక నెల ఉంది కదా, ఇప్పుడున్న 18లో ఒకదాన్ని ఎంచుకోమనండి, నెలరోజులు దాని తొట్టి కడగడం, దాణా వేయడం, పేడ తీయడం, టేపుతో కొలిచి రాయడం మొత్తం తనదే, మీరు గుర్తు చేయకూడదు. నెల తర్వాత పుస్తకం చూడండి. వరసలో రోజులు ఖాళీ లేకుండా ఉంటే మీ ఆయనతో కలిసి ఫారానికి బయల్దేరండి, ఖాళీలుంటే ఇంకో నెల ఆగండి. పిల్లలు ఇంటికి వచ్చిన రోజు చెవి గాట్ల నంబర్లు, చనుమొనలు ఎన్నో, మొదటి కొలత ఎంతో పాప చేతే నాకు రాయించండి, జవాబు తనకే రాస్తాను.